కట్టుడు పళ్లు డబ్బాలో ఎందుకున్నాయి?

పెళ్లి భోజనాలయ్యాక విస్తళ్లు ఎత్తేముందు ఈసారి ఓ కన్నేసి చూడండి. ఏ విస్తట్లో ఏం మిగిలిందో చూస్తే చాలు, అక్కడ కూర్చుని లేచినావిడ నోట్లో పళ్ల సంగతి తెలిసిపోతుంది. పనసపొట్టు కూర వడ్డించింది వడ్డించినట్టే ఉంటుంది. గారె అంచంతా వదిలేసి మధ్యలో మెత్తటి భాగం మాత్రం గిల్లిన ఆనవాలుంటుంది. కాజా ఏ కొంగు చివర్లోకో, మనవడి చేతిలోకో వెళ్లిపోయి ఉంటుంది. "అదేంటి మామ్మగారూ, ఏమీ తినలేదు?" అని వడ్డించేవాళ్లు అడిగితే "ఆకలి లేదు నాయనా" అనేస్తుంది. తెల్లవారుజామున లేచి, కాఫీ చుక్కతో మధ్యాహ్నం రెండింటిదాకా కూర్చున్న మనిషికి ఆకలి లేకపోవడమేమిటి? ఆకలి ఉంది. పళ్లు లేవు.

గోదావరి జిల్లాల తిండి నమిలి తినే తిండి. కంద, పనస, మునక్కాడ, ఆవకాయలో టెంక, చలికాలమొస్తే తేగలు, పండగొస్తే జంతికలు, చేగోడీలు. ఆత్రేయపురం పూతరేకు ఒక్కటే పళ్లున్నవాళ్లకీ లేనివాళ్లకీ సమానంగా దక్కుతుంది. తతిమ్మావన్నీ పళ్లతో పని పడేవే. ఇలాంటి ఇళ్లలో అరవై దాటిన ఆడవాళ్లు ఎంతమంది పెరుగన్నం పిసుక్కుని, చారన్నం జారవిడుచుకుని రోజులు వెళ్లదీస్తున్నారో ఎవరూ లెక్కపెట్టరు. వాళ్లూ చెప్పరు. "నాకు అరగదమ్మా" అంటారు. అదీ నిజమే. నమలకుండా మింగితే ఎవరికి మాత్రం అరుగుతుంది? పైగా పళ్లు లేనివాళ్లు మొదట మానేసేవి ఆకుకూరలు, పచ్చి కూరలు, జామకాయలు, వేరుశనగలు. మిగిలేది మెత్తటి అన్నం, అరటిపండు, బిస్కట్టు. షుగరున్న మనిషికి ఈ తిండి ఎంత చేటో వేరే చెప్పాలా?

పళ్లు కట్టించొచ్చు కదా అంటారా? చాలా ఇళ్లలో కట్టించారు కూడా. అవి ఎక్కడున్నాయో అడిగి చూడండి. ఫ్రిజ్జు మీద స్టీలు డబ్బాలో ఉంటాయి. బీరువాలో పాత గాజుల పక్కన దూదిలో చుట్టి ఉంటాయి. "గుచ్చుకుంటున్నాయటండీ, పెట్టుకోలేకపోతున్నారు" అంటుంది కోడలు. "డబ్బు దండగ" అంటాడు కొడుకు. "నేను ముందే చెప్పానుగా" అంటుంది ఆవిడ. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. కానీ నా ఉద్దేశంలో ఆ పళ్లు చెడిపోయింది నోట్లో కంటే ఇంట్లోనే ఎక్కువ. డాక్టరు పని అయిదారు రాకపోకల్లో అయిపోతుంది. అక్కణ్ణించి ఓ రెండు నెలలు ఇంటివాళ్ల పని మొదలవుతుంది. ఆ పని ఒకటుందని మనకెవరూ చెప్పలేదు, మనం చేయలేదు. ఒక మధ్యాహ్నం పెట్టుకుని చూసి, ఒక జంతిక కొరికి చూసి, నొప్పెడితే డబ్బాలో పెట్టేశాం.

అసలు ఆవిడ వంతు ఎప్పుడొస్తుందో చూడండి. మావగారికి అరవయ్యేళ్లు దాటగానే సెట్టు వచ్చేస్తుంది. నలుగురిలో తిరిగే మనిషి, బ్యాంకుకి వెళ్లాలి, పెద్దమనిషి తరహాగా మాట్లాడాలి, బోసినోటితో ఏం బావుంటుంది అంటారు. అత్తగారి దగ్గరికొచ్చేసరికి "ఇంట్లో ఉండేదే కదా" అనే మాట వస్తుంది. ఇంట్లో ఉండేవాళ్లు అన్నం తినరా? మనవడి ఫీజు కట్టాలి, అమ్మాయి పురుడుంది, చేలో మోటారు కాలిపోయింది, వీటన్నిటి తర్వాత ఆవిడ నోరు. పోనీ ఆవిడే అడుగుతుందా అంటే అడగదు. "కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని, నాకెందుకే ఇప్పుడీ సోకులు" అంటుంది. ఆ సోకు అనే మాట ఆవిడకి మనమే నేర్పాం. కళ్లజోడు పెట్టుకుంటే ఎవరూ సోకు అనరు. చేతికర్ర పట్టుకుంటే సోకు అనరు. పళ్లు పెట్టుకుంటే మాత్రం ముసలితనంలో అలంకారం!

బోసినవ్వు అనగానే మనకి గాంధీగారు గుర్తొస్తారు. ఆ నవ్వు మీద ఎన్ని బొమ్మలో, ఎన్ని పాటలో. అయితే ఆయనకీ కట్టుడు పళ్లుండేవి. భోజనం వేళకి పెట్టుకుని, అయ్యాక తీసేసేవారని ఆయన్ని దగ్గరగా చూసినవాళ్లు రాశారు. నవ్వడానికి ఆయనకి పళ్లు అక్కర్లేకపోయాయి గానీ, తినడానికి కావలసే వచ్చాయి. మన మామ్మలకి బోసినవ్వు అందమని పొగిడేవాళ్లు ఈ రెండో ముక్క కూడా గుర్తుపెట్టుకుంటే బావుంటుంది.

ఆలస్యానికి ఇంకో కారణం భయం. పై పళ్లు పీకిస్తే కంటిచూపు పోతుందని మనవైపు గట్టి నమ్మకం. కదిలే పళ్లని, చీము పట్టిన చిగుళ్లని ఏళ్లకేళ్లు ఈ భయంతోనే మోసేవాళ్లున్నారు. చూపుని మోసే నరం వేరు, పంటికి నొప్పి తెలియజేసే నరం వేరు. పళ్లు ఊడే వయసూ, కళ్లల్లో శుక్లాలు వచ్చే వయసూ ఇంచుమించు ఒకటే కావడం వల్ల నింద పంటి మీద పడింది, అంతే. చిగుళ్ల జబ్బు మటుకు అరవయ్యేళ్లకి వచ్చి పడింది కాదు. కాన్పుల నాడు చిగుళ్లు వాచి రక్తం కారితే "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి ఊరుకున్న రోజు నుంచే అది మొదలై ఉండొచ్చు. ఇది చదువుతున్న ముప్ఫై, నలభై ఏళ్లవాళ్లు ఆ ముక్క తమకీ అన్వయించుకోవచ్చు.

ఇక ఆలస్యం వల్ల ఏమవుతుందో వినండి. పన్ను ఊడాక దాన్ని పట్టుకునే ఎముకకి పనుండదు, తరగడం మొదలెడుతుంది. మొదటి ఏడాది మరీ వేగంగా తరుగుతుంది, ఆ తర్వాతా ఆగదు. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు కట్టుడు పళ్లవాళ్లని ఏళ్ల తరబడి పరిశీలించి 1972లో ఒక వ్యాసం ప్రచురించారు. కింది దవడ ఎముక పై దవడ కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ తరుగుతుందని అందులో తేల్చారు. దీన్నిబట్టి మన ఇళ్లలో వినపడే "పైది బాగానే ఉందమ్మా, కిందదే నిలవట్లేదు" అన్న ఫిర్యాదు అర్థమవుతుంది. పై సెట్టు అంగిలినంతా కప్పుతుంది. మధ్యలో పల్చటి ఉమ్మితడి ఉండి, తడిసిన గాజుపలకలు రెండు అతుక్కున్నట్టు అతుక్కుంటుంది. కింది దానికి ఆ యోగం లేదు. నాలుకకి చోటివ్వాలి కాబట్టి గుర్రపు లాడంలా ఉంటుంది. నాలుక కదిలినా లేస్తుంది, బుగ్గ కదిలినా లేస్తుంది. బీపీకి, మనసు కుదుటపడటానికి వేసుకునే కొన్ని మాత్రలు నోటిని ఎండగడతాయి, ఆ తడి కూడా లేకపోతే ఇంకా కష్టం. కాబట్టి అది కిందా మీదా అవుతోందంటే ఆవిడ చాదస్తమనో, డాక్టరు చేతకానితనమనో వెంటనే తీర్మానించకండి. కింది సెట్టుని పట్టి ఉంచడం నాలుకా బుగ్గలూ నేర్చుకోవాల్సిన విద్య. సైకిలు నేర్చుకున్నట్టే, దానికి రోజులు పడతాయి.

ఒకటి రెండు గట్టి పళ్లు మిగిలి ఉంటే "అన్నీ పీకించేయండి, ఒక పనైపోతుంది" అనకండి. ముఖ్యంగా కోరపళ్లు. వాటి వేళ్లని బాగుచేసి, వాటి మీద సెట్టు కూర్చోబెట్టే పద్ధతి ఉంది, ఎముకా నిలుస్తుంది. డబ్బు పెట్టగలిగినవాళ్లకి దవడలో మరలాంటి ఇంప్లాంట్లు వేసి వాటికి సెట్టు తగిలించే మార్గముంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు, పళ్లన్నీ పోయిన కింది దవడకి రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టే మొదటి వైద్యం కావాలన్నారు. అది అందరికీ అయ్యే పని కాదు. కానీ అడగడానికి డబ్బు ఖర్చవదుగా.

సెట్టు ఎలా తయారవుతుందో తెలుసుకుంటే ఆవిడతో ఏ రోజు తప్పనిసరిగా వెళ్లాలో తెలుస్తుంది. మొదటిసారి మెత్తటి పదార్థంతో నోటి అచ్చు తీస్తారు. రెండోసారి ఆవిడ నోటికే చేసిన ట్రేతో ఇంకా కచ్చితమైన అచ్చు. మూడోసారి మైనం దిమ్మెలు పెట్టి రెండు దవడలు ఎంత దూరంలో కలుస్తాయో కొలుస్తారు. నాలుగోసారి మైనంలో పళ్లు గుచ్చి నోట్లో పెట్టి చూపిస్తారు. అయిదోసారి అసలు సెట్టు. ఇందులో నాలుగో రోజు ముఖ్యం. పన్ను రంగు, పొడవు, పెదవి నిండుగా కనిపించడం లాంటివి మార్చమని అడగడానికి అదే ఆఖరి అవకాశం. మైనం పోయి అక్రిలిక్ అయ్యాక ఎవరూ ఏమీ చేయలేరు. ఆ రోజు ఏం జరుగుతుందంటే, డాక్టరు "ఎలా ఉందమ్మా?" అని ఆవిణ్ణి అడుగుతాడు, కొడుకు "బావుంది డాక్టరుగారూ" అని జవాబు చెబుతాడు! దయచేసి ఆ ఒక్క రోజూ మీరు నోరు మూసుకోండి. అద్దం ఆవిడ చేతికివ్వండి. పళ్లున్ననాటి పాత ఫొటో ఉంటే పట్టుకెళ్లండి, డాక్టరుకి పనికొస్తుంది. ఆవిడ ముఖం ఎలా ఉండాలో చెప్పే హక్కు ఆవిడకే ఉంది.

రెండొందల ఏళ్ల కిందటైతే ఈ ఎంపికలేమీ లేవు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో పదవిలోకి వచ్చేనాటికి నోట్లో ఒకే ఒక్క సొంత పన్ను మిగిలింది. నీటిగుర్రం దంతంతో చేసిన సెట్టు పెట్టుకుని నానా అవస్థా పడ్డాడాయన. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో గట్టిపరిచిన రబ్బరు వచ్చింది, 1930ల చివర్లో అక్రిలిక్ వచ్చింది. ఇప్పటి మన గులాబిరంగు సెట్లు ఆ కోవకి చెందినవే.

పెట్టుకొచ్చిన మొదటి రోజు నోటినిండా గులకరాళ్లు పోసుకున్నట్టుంటుంది. ఉమ్మి వరదలా ఊరుతుంది, ఎందుకంటే నోరు దాన్ని తిండి అనుకుంటుంది. కొందరికి వాంతి వచ్చినట్టుంటుంది. మాట ముద్దగా వస్తుంది. మా వీధిలో ఒక రిటైర్డు టీచరుగారున్నారు, డెబ్బై దాటాయి. సెట్టు పెట్టించుకొచ్చిన సాయంత్రం కూతురికి ఫోను చేస్తే, అవతల్నించి "ఎవరండీ మాట్లాడేది?" అందిట. ఆవిడ నవ్వేసి, మర్నాటి నుంచి లలితా సహస్రనామం లోపల్లోపల కాకుండా పైకి చదవడం మొదలెట్టారు. పిల్లలకి వ్యాకరణం చెప్పిన మనిషి కదా, కారణం కూడా ఆవిడే చెప్పారు. త, థ, ద, ధ, నలకి దంత్యాలని పేరు ఊరికే రాలేదట, నాలుక పంటి వెనక తగిలితేనే అవి పలుకుతాయి. చుట్టం, చాప, జొన్న అన్నప్పటి చ, జలూ అంతే. వ, ఫ అనాలంటే కింది పెదవి పై పళ్లని వెతుక్కోవాలి. వెయ్యి నామాలు పూర్తయ్యేసరికి నాలుకకి దారి తెలుస్తుందని ఆవిడ సిద్ధాంతం. మూడు వారాలకి కూతురు గుర్తుపట్టింది. లలిత రానివాళ్లు బైబిలు చదువుకోవచ్చు, ఖురాను చదువుకోవచ్చు, ఈ పేపరే పైకి చదువుకోవచ్చు. చదువు రానివాళ్లకి మనవలు ఎక్కాలు అప్పజెబుతుంటే వెంట చెప్పడమూ మంచి సాధనే.

తిండి దగ్గర మటుకు ఇంటివాళ్ల సాయం కావాలి. మొదటి వారం ఉప్మా, ఇడ్లీ, మెత్తగా ఉడికిన పప్పు, సొరకాయ, బీరకాయ, గుడ్డు పొరటు. ఆవిడకి వేరే వంట చేయమని కాదు. కూర దించేముందు ఆవిడ పాలు ఓ గరిటె చిన్న గిన్నెలోకి తీసి ఇంకో అయిదు నిమిషాలు ఉడకనిస్తే చాలు. ముక్కలు చిన్నవిగా ఉండాలి. ముందుపళ్లతో కొరకకూడదు, వెనక సెట్టు లేచిపోతుంది. రెండు దవడలా సమానంగా పెట్టుకుని నమలాలి, ఒక పక్కనే నమిలితే రెండో పక్క తక్కెడలా లేస్తుంది. కట్టుడు పళ్లకి ఉండే బలం సొంత పళ్ల బలంలో ఇంచుమించు పావు వంతు. అంటే మనం పది నిమిషాల్లో తినేది ఆవిడకి అరగంట పడుతుంది. ఇక్కడే చిక్కు. మన ఇళ్లలో ఆడవాళ్లు అందరి తర్వాత తింటారు, గబగబా తింటారు, గిన్నెలు ఎదురుచూస్తుంటాయి. ఆ రెండు నెలలూ ఆవిణ్ణి అందరికంటే ముందు కూర్చోబెట్టండి. "ఇంకా అవలేదా?" అనే మాట ఆ ఇంట్లో వినపడకూడదు. రెండు మూడు వారాలకి దొండకాయ, వంకాయ, దిబ్బరొట్టె మధ్య భాగం తినగలుగుతారు. జామకాయ చీలికలు కోసివ్వండి.

కాఫీ జాగ్రత్త. అంగిలి ప్లాస్టిక్ కింద ఉంటుంది కాబట్టి వేడి తెలియదు, గొంతులోకి వెళ్లాక తెలుస్తుంది. రుచి కూడా కొన్నాళ్లు చప్పగా అనిపిస్తుంది. ఆవిడ కూరలో ఉప్పు ఎక్కువేస్తే విసుక్కోకండి. చేప తినే ఇళ్లయితే ఇంకో సంగతి ఉంది. గోదారి నీళ్లు ఎర్రబడి పులస వచ్చే రోజుల్లో ఎంత ఖరీదైనా ఓ ముక్క వండనిదే మనకి తృప్తి ఉండదు. దాన్నిండా ముళ్లే. ఆ వయసు మనిషి డెబ్బై ఏళ్లుగా నాలుకతో, అంగిలితో ముల్లు పట్టి తీసేసిన అలవాటున్నది. సెట్టు వచ్చాక ఆ అంగిలికి ముల్లు తగిలినా తెలియదు. మొదటి ఏడాది చంటిపిల్లకి ఏరి పెట్టినట్టే ఏరి పెట్టండి. ఆవిడ ఒప్పుకోరు, అయినా ఏరి పెట్టండి.

పుండు పడుతుంది. చాలామందికి పడుతుంది, అది ఊహించిందే. ఇంట్లో ఉప్పుకాగితంతోనో, బ్లేడుతోనో గీకేవాళ్లున్నారు. అలా చేస్తే ఇంక ఆ సెట్టు దేనికీ పనికిరాదు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అయితే నొప్పెడుతోందని వారం రోజులు తీసి పక్కన పెట్టి వెళ్తే డాక్టరుకి నోట్లో ఏమీ కనపడదు, పుండు మానిపోయి ఉంటుంది. వెళ్లే ముందు రోజు కాసేపైనా పెట్టుకుని వెళ్తే ఎక్కడ ఒత్తుతోందో గుర్తు తెలుస్తుంది, అక్కడ అరగదీస్తారు. ఇలా రెండు మూడుసార్లు తిరగాల్సి వస్తుంది. ఈ తిరుగుళ్లకి ఆవిణ్ణి తీసుకెళ్లేవాళ్లు లేకే సగం సెట్లు డబ్బాల్లోకి వెళ్తున్నాయని నా అనుమానం. సెట్టు కొనడానికి కొడుకు వస్తాడు, ఆటోలో పక్కన కూర్చుని పుండు చూపించడానికి ఎవరూ రారు.

సెట్టు సరిచేశాక కూడా, ఏ పుండైనా రెండు వారాలు దాటి మానకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పొగాకు కాడ బుగ్గన పెట్టుకునేవాళ్లు, చుట్ట కాల్చేవాళ్లు మరీను. చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తర కోస్తా పల్లెల్లో పాతతరం ఆడవాళ్లకి ఉంది. అంగిలి కేన్సరుకీ దానికీ సంబంధం ఉందని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. అలాంటివాళ్లు పళ్ల కొలతల కంటే ముందు అంగిలి చూపించుకోవాలి.

రాత్రి సంగతి చెప్పాలంటే కొంచెం బిడియం. పడుకునేముందు సెట్టు తీసి, సబ్బుతో మెత్తటి బ్రష్షుతో తోమి, మామూలు నీళ్లల్లో వేయాలి. మరిగే నీళ్లు పోస్తే వంకరపోతుంది, పళ్లపొడి, బొగ్గుపొడి గీతలు పెడతాయి. కింద తువ్వాలు పరుచుకుని కడిగితే జారి పడినా విరగదు. చిగుళ్లకి రాత్రి విశ్రాంతి కావాలి, లేకపోతే సెట్టు కింద ఎర్రబడి బూజులాంటి ఇన్‌ఫెక్షను వస్తుంది. ఇవన్నీ తెలిసి కూడా తీయనివాళ్లున్నారు. ఎందుకంటే కోడలు చూస్తుంది, అల్లుడు చూస్తాడు, మనవడు "మామ్మ పళ్లు గ్లాసులో ఉన్నాయోచ్" అని అరుస్తాడు. కట్టుకున్న భర్తకి కూడా బోసినోరు చూపించని ఆడవాళ్లున్నారంటే నమ్మండి. ఆవిడకంటూ మూత ఉన్న డబ్బా ఒకటి, బాత్రూములో అరలో ఓ మూల ఇవ్వండి. పిల్లలకి ఒకసారి కూర్చోబెట్టి చూపించేస్తే, వింత తీరి నవ్వడం మానేస్తారు. ఇంకో మాట, ఆపరేషనుకి వెళ్లాల్సి వస్తే సెట్టు సంగతి నర్సుకి తప్పకుండా చెప్పాలి. సిగ్గుపడి దాచుకుంటే మత్తులో అది గొంతుకి అడ్డం పడే ప్రమాదముంది.

ఖర్చుకి వెనకాడేవాళ్లకి ఒక దారి. రాజమండ్రి చుట్టుపక్కల జీఎస్ఎల్, లెనోరా, భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీలున్నాయి. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఇలాంటి కాలేజీ ఆస్పత్రుల్లో విద్యార్థులు చేస్తారు, ప్రొఫెసర్లు చూస్తారు, బయటి క్లినిక్కుల కంటే తక్కువకి అవుతుంది. కాకపోతే ఎక్కువసార్లు తిరగాలి, ఓపిక కావాలి. అదీ కుదరదని బస్టాండు పక్కన "ఒక్కరోజులో పళ్లు" బోర్డు చూసి వెళ్లకండి. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్న సామెత ఊడగొట్టుకోవడానికే గానీ కట్టించుకోవడానికి కాదు. చిగురు మీదే అక్రిలిక్ ముద్ద అతికించి పక్క పళ్లకి తీగ చుట్టి పంపేవాళ్లున్నారు. ఆ పక్క పళ్లు కూడా త్వరగానే పోతాయి. రిజిస్టరు కానివాళ్లు ఈ వైద్యం చేయకూడదని 1948 నాటి డెంటిస్టుల చట్టమే చెప్పింది.

ప్రభుత్వాల సంగతీ అనుకోవాలి. తెలంగాణలో 2018 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో కంటి వెలుగు పేరుతో పరీక్షలు చేసి కళ్లజోళ్లు ఇచ్చారు. ఎంతమంది పెద్దవాళ్లకి మళ్లీ పేపరు కనపడిందో! కర్ణాటక ప్రభుత్వం దంతభాగ్య అని, కేరళ ప్రభుత్వం మందహాసం అని పేర్లు పెట్టి పేద వృద్ధులకి ఉచితంగా పళ్ల సెట్లు ఇచ్చే పథకాలు తెచ్చాయి. పేర్లు ఎంత ముద్దుగా ఉన్నాయో చూడండి. ఇక్కడ మన వీధుల్లో పెట్టే పళ్ల శిబిరాల్లో ఎక్కువభాగం ఓ టూత్‌పేస్టు ట్యూబు చేతిలో పెట్టి పంపేవే. ఈసారి ఓట్లకి వచ్చినవాళ్లని పింఛను సంగతి అడిగినట్టే పళ్ల సంగతీ అడగండి. వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి, వాళ్లకి పళ్లున్నాయి కాబట్టి నవ్వుతున్నారు.

ఒకసారి చేయించాం కదా అని వదిలేయడానికీ లేదు. ఎముక తరుగుతూనే ఉంటుంది, సెట్టు మాత్రం మారదు. ఏడాదికోసారి చూపించుకుని, వదులైతే లోపల కొత్త పొర వేయించుకోవాలి. అయిదు నుంచి ఏడేళ్లకి సెట్టే మార్చాల్సి రావచ్చు. 2015 గోదావరి పుష్కరాల నాటి సెట్టు 2027 పుష్కరాలకీ వాడతానంటే కుదరదు.

మీ ఇంట్లో ఈ పని పెట్టుకోవాలనుకుంటే నాకు తోచిన ముహూర్తం చెబుతాను. పీకించాల్సిన పళ్లుంటే శ్రావణమాసం దాటకుండా పీకించేయండి, చిగుళ్లు మానడానికి వ్యవధి కావాలి. దసరా సెలవులకి పిల్లలు వచ్చినప్పుడు కొలతలకి తీసుకెళ్తే దీపావళి అటూ ఇటూగా సెట్టు చేతికొస్తుంది. కార్తీకమాసమంతా నోరు మెత్తటి తిండితో అలవాటు పడుతుంది, పుండ్లు పడితే అరగదీయించుకోవడానికీ తీరిక దొరుకుతుంది. ధనుర్మాసంలో ఎలాగూ చక్రపొంగలి, దద్ధోజనం. భోగి నాటికి అరిసె ముక్కతో మొదలుపెట్టి, కనుమ నాటికి గారె అంచు చూడొచ్చు. జంతిక మాత్రం మరో పది రోజులు ఆగాక, అదీ విరిచి వెనక పళ్లతో.